పంటి బిగువున ఓర్చుకున్న దవడ

మన కోనసీమలో ఓర్పు గల ఇల్లాలిని మెచ్చుకోవాలంటే "పంటి బిగువున సంసారం లాక్కొచ్చింది" అంటారు. ఆ మాటలో ఎంత నిజమున్నదో ఆసుపత్రిలో పనిచేసే మాకు తెలుసు. బిగించిన పళ్ళ భారమంతా మోసేవి దవడ కండరాలు, చెవి ముందున్న దవడ కీలు. అవి మొరాయించిన రోజున ఆమె చెవిపోటనో, పంటిపోటనో చెప్పుకుంటుంది. చెవిలో చుక్కలు వేస్తారు. తగ్గకపోతే వెనుక దంతం పీకేస్తారు. నొప్పి మాత్రం అక్కడే ఉంటుంది.

పన్నే కారణమని పరీక్షలో తేలనిదే ఏ పన్నూ పీకించుకోవద్దని మా గట్టి అభిప్రాయం. చూపుడు వేళ్ళు రెండు చెవుల ముందు ఉంచి నోరు తెరచి మూయండి. వేళ్ళ కింద కదిలేదే దవడ కీలు. ఇప్పుడు పళ్ళు బిగించండి. బుగ్గ వెనుక గట్టిపడి ఉబికేది నమిలే కండరం. నొక్కినప్పుడు నొప్పి అక్కడే ఉండి, నమిలినా ఆవులించినా ఎక్కువవుతుంటే, ఉదయం లేవగానే దవడ పట్టేసినట్లుంటే తప్పు పంటిది కాకపోవచ్చు. కీలు టక్కుమన్నంత మాత్రాన భయపడనక్కరలేదు. నొప్పి లేనప్పుడు ఆ చప్పుడుకు వైద్యమే అవసరం లేదు.

అయితే దవడ పట్టేసిన ప్రతిసారీ ఇదే అనుకోరాదు. గాయం తగిలిన తరువాత దవడ బిగుసుకుంటే ధనుర్వాతం కావచ్చు, గంట కూడా ఆగవద్దు. ఛాతీ బరువు, చెమటలతో దవడ లాగితే గుండె సంగతి చూడాలి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షను తరువాత కొందరికి దవడ, మెడ వంకరపోతాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టవద్దు, విరుగుడు ఇంజెక్షనుతో త్వరగా సర్దుకుంటుంది. గుట్కా, వక్కపొడి నమిలేవారికి నోరు నానాటికీ తక్కువగా తెరుచుకుంటూ, కారం తగిలితే మండుతుంటే అది కాపడంతో పోయేది కాదు, క్యాన్సరుకు దారితీయవచ్చు. పొగాకు కలపని వక్క కూడా క్యాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లోనే తేల్చి చెప్పింది.

ఇక కండరాల నొప్పి. ఇది మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ. నిద్రలో పళ్ళు కొరకడం, పగలంతా తెలియకుండానే పళ్ళు బిగించి ఉండడం దీనికి తోడవుతాయి. రాజోలు, మలికిపురం వైపు నుంచి ఎందరో ఆడపడుచులు కువైట్, మస్కట్ వెళ్ళారు. అక్కడ పరాయి ఇంట పనిచేసే తల్లికీ, ఇక్కడ ఆమె పిల్లలను సాకే అమ్మమ్మకూ నోరు విప్పి చెప్పుకునే చోటు తక్కువ. దిగులొక్కటే కారణమని మేము అనడం లేదు. కాని దిగులున్న మనిషి దవడ బిగించడం మామూలే. "అంతా మనసులోనే ఉంది" అని ఆమెను తీసిపారేయడం మాత్రం అన్యాయం. కండరం నొప్పి నిజమైన నొప్పే.

చాలామందికి ఇది ఆపరేషను లేకుండానే తగ్గుతుంది. రెండు వారాలు దవడకు సెలవివ్వండి. కొబ్బరి ముక్కలు, జంతికలు, చెరకు గడ పక్కన పెట్టండి. మెత్తని అన్నం, పప్పు, పెరుగు, మన పొట్టిక్కలు చాలు (ఇడ్లీకన్నా పొట్టిక్కే మెత్తన అని మా వార్డులో పెద్ద వాదన). వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో, చర్మం కాలకుండా, 15 నుంచి 20 నిమిషాలు రోజుకు రెండు మూడు సార్లు కాపడం పెట్టండి. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పెదవులు కలిసి ఉన్నా పళ్ళు విడిగా ఉండాలి. ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించండి. అల్సరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కోరాదు. రాత్రిళ్ళు పళ్ళు కొరికేవారికి దంతవైద్యులు తొడుగు చేసి ఇస్తారు. కీలు నొప్పి కోసం పళ్ళు అరగదీస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు, అరిగిన పన్ను తిరిగి రాదు.

ఓ.పి.లో కూర్చునే సిస్టర్లకు మేము చెప్పేది ఒకటుంది. దవడ నొప్పి అని వచ్చిన అమ్మను నోరు తెరవమనే ముందు, రాత్రి నిద్ర పడుతోందా అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.