‘పోయింది’ అనేముందు

మా వీధి చివరి మాస్టారింట్లో ఇప్పుడు రెండు మానిటర్లు ఉన్నాయి. రెండూ చక్కగా పనిచేస్తున్నాయి. పింఛను మీద నడిచే ఆ ఇంటికి రెండోది అక్కర్లేదు. ఈ వారమంతా నా మనసులో అదే తిరుగుతోంది.

ఆదివారం పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే లోపల ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. మధ్యలో ‘నో సిగ్నల్’ అని రెండు మాటలు వచ్చి మాయమవుతున్నాయి. షాపు నుంచి వచ్చిన అబ్బాయి స్విచ్చి రెండుసార్లు నొక్కి, ‘మానిటర్ పోయింది సార్, పాతది కదా, బోర్డు దొరకదు’ అన్నాడు. మాస్టారు నమ్మి 9 వేలు పెట్టి కొత్తది తెచ్చుకున్నారు. దాని మీదా అవే రెండు మాటలు! మళ్లీ ఫోన్ చేస్తే, ‘అయితే మదర్‌బోర్డు పోయుంటుంది, మొత్తం సెట్టు మార్చేయండి’ అన్నారట. పెట్టె విప్పేశారు కాబట్టి మానిటర్ వెనక్కి తీసుకోరట.

సాయంత్రం నేను వెళ్లాను. ప్లగ్గు పీకి, సీపీయూ పక్క రేకు విప్పి, ర్యామ్ బయటికి తీశాను. దాని బంగారురంగు అంచును మనవరాలి రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్లీ పెట్టి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాను. అంతే, పాత మానిటర్ మీదే బొమ్మ వచ్చింది. మన ఉక్కపోతకూ దుమ్ముకూ ఆ అంచుల మీద పొర పడుతుంది. ఈ సంగతి తెలియని కంప్యూటర్ మెకానిక్ ఉండడు. తెలిసి కూడా చూడకపోవడమే నన్ను బాధపెట్టింది.

‘నో సిగ్నల్’ అని చూపించే మానిటర్ చచ్చిపోయిన మానిటర్ కాదు. తన బోర్డు, తన లైటు, తన ప్యానెల్ పనిచేస్తేనే ఆ మాటలు పడతాయి. తప్పు తీగలో ఉండొచ్చు, మానిటర్‌లో ఎంచుకున్న ఇన్‌పుట్‌లో ఉండొచ్చు, సీపీయూలో ఉండొచ్చు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్లో తీగను పొరపాటున మదర్‌బోర్డు సాకెట్‌లో గుచ్చినా చాలాసార్లు తెర నల్లగానే ఉంటుంది.

చీకటిలోనూ రకాలున్నాయి. గదిలో లైటు ఆర్పి తెర మీద టార్చి ఏటవాలుగా వేసి చూడండి. లోపల బొమ్మ మసకగా కదిలితే ప్యానెల్ బతికే ఉందనీ, వెనక వెలుగిచ్చే బ్యాక్‌లైట్ ఆరిపోయిందనీ అర్థం. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ సాకెట్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. ఆ ప్లగ్గులో 15 పిన్నులుంటాయి, ఎరుపుకు ఒకటి, ఆకుపచ్చకు ఒకటి, నీలానికి ఒకటి. నీలం పిన్ను వంగితే తెరంతా పచ్చకామెర్లు వచ్చినట్టు పసుపు తిరుగుతుంది. ఆకుపచ్చ అందకపోతే గులాబీ రంగు కమ్ముకుంటుంది. చూసినవాళ్లు ప్యానెల్ పోయిందంటారు, వంగింది వెంట్రుకంత పిన్ను. విండోస్ నడుస్తూ నడుస్తూ తెర నల్లబడితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ మీటలు నాలుగూ కలిపి నొక్కితే డిస్‌ప్లే డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. ఇందులో దేనికీ రూపాయి ఖర్చు లేదు. పవర్ సప్లై డబ్బా, పాత ట్యూబు మానిటర్ మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు తీసినా వాటిలో ప్రాణం తీసేంత కరెంటు మిగిలి ఉండొచ్చు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ మెట్ల మీద తిరిగిన రోజులు నాకు గుర్తున్నాయి. అక్కడి కుర్రాళ్ల సంచీలో ఒక మంచి తీగ, ఒక మంచి ర్యామ్, ఒక మంచి ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) ఎప్పుడూ ఉండేవి. ఒకటి మార్చి చూస్తారు, తేడా రాకపోతే దాన్ని తీసి ఇంకోటి మారుస్తారు. ఒకేసారి రెండు మార్చరు. సీపీయూ పెట్టే కూతలు విని ర్యామ్ గొడవో కార్డు గొడవో పోల్చేవారు. డిగ్రీలు లేకపోయినా అది నిఖార్సైన శాస్త్రీయ పద్ధతి. మన హైస్కూళ్లలో కంప్యూటర్ పాఠం అంటే ఇన్‌పుట్ పరికరాల పేర్లు బట్టీ పెట్టించడమే. ఒక పాత సీపీయూ బల్ల మీద పెట్టి పిల్లల చేత విప్పించి బిగింపిస్తే ఏం పోతుంది?

2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పారేసింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. మాస్టారి పాత మానిటర్ కూడా కాస్తలో ఆ కుప్పలో చేరేది. యూరప్‌లో 2021 మార్చి నుంచి, ఒక మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కూడా కనీసం 7 ఏళ్లు దాని ముఖ్యమైన విడిభాగాలు దొరకాలని నిబంధన ఉంది. మానిటర్లకూ వర్తిస్తుంది. మన కేంద్రం 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, ఏడాది చివర్లో ఒక పోర్టల్ తెరిచింది. మాస్టారికి కావలసింది పోర్టల్ కాదు. ‘బోర్డు దొరకదు’ అన్న మనిషిని ‘ఎందుకు దొరకదు?’ అని నిలదీయగల చట్టం.

కొత్త మానిటర్ పెట్టెలోని పుస్తకం ఆ రోజే తిరగేశాను. చాలా భాషలున్నాయి. ఫిన్లాండ్ జనాభా 56 లక్షలు, వాళ్ల భాష ఉంది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 8 కోట్ల 11 లక్షల పైచిలుకు. మన భాషకు అందులో ఒక్క పుటైనా లేదు. విండోస్‌ను తెలుగులో పెట్టుకోవచ్చు, ఫోన్‌ను తెలుగులో పెట్టుకోవచ్చు. కానీ ఆ విండోస్ మొదలవక ముందే తెర చెప్పే మాట, అంటే యంత్రం కష్టంలో ఉన్నప్పుడు మనిషితో చెప్పే మాట, ఇంగ్లిషులోనే వస్తుంది. పాల ప్యాకెట్ మీద తెలుగు కోసం అడుగుతాం, బస్సు బోర్డు మీద తెలుగు కోసం కొట్లాడతాం. 9 వేలు పోసి కొన్న వస్తువును మాత్రం మన భాషలో మాట్లాడమని ఎందుకు అడగం?

మాస్టారు 34 ఏళ్లు తెలుగు పాఠం చెప్పారు. ఆ ఆదివారం తెర మీద ‘నేను బాగానే ఉన్నాను, కంప్యూటర్ నుంచే నాకేమీ అందడం లేదు’ అని వచ్చి ఉంటే, షాపు అబ్బాయికి ఆయనే చెప్పి పంపేవారు.