జీపు తప్ప దిక్కు లేదు, జీపెక్కితే భరోసా లేదు

తెల్లవారకముందే గూడెం దిగి, గెడ్డ దాటి, రోడ్డు మీదకు చేరుకున్న జనం చెవులు మలుపు వైపే ఉంటాయి. ఇంజను మోత వినబడగానే మూటలు నెత్తికెక్కుతాయి, పిల్లలు చంకకెక్కుతారు. వచ్చేది బస్సు కాదని అందరికీ తెలుసు. వచ్చేది జీపు.

పాడేరు, అరకు ప్రాంతాల్లో లోపలి ఊళ్ళ వారికి జీపు షికారు బండి కాదు. సంతకు పోవాలన్నా, ఆస్పత్రికి పోవాలన్నా, ఆశ్రమ పాఠశాలలో పిల్లలను దింపాలన్నా అదే. పెళ్ళివారిని తెచ్చేదీ, ఒక్కోసారి శవాన్ని ఇంటికి చేర్చేదీ అదే. పట్నంలో ఇటువంటి బండిని సరదాకు అద్దెకు తీసుకుంటారు. రెండు రోజులు కొండల్లో, బురదలో తిప్పి, కడిగి అప్పగిస్తారు. ఏజెన్సీలో ఏడాది పొడవునా ఆ అద్దె బండి మీదే బతుకు నడుస్తోంది. కాకపోతే ఇక్కడ దాన్ని సరదాకు ఎక్కేవారు లేరు.

యుద్ధం బండి సంత బండి అయింది

జీపు పుట్టింది రోడ్డు కోసం కాదు. 1941లో అమెరికా సైన్యం కోసం తయారైన బండి అది. రాళ్ళు, గోతులు, వాగులు దాటడానికి అనువుగా ఎత్తుగా, పొట్టిగా, తేలికగా కట్టారు. నలుగురైదుగురు సైనికులు, వారి సామాను, అంతే దాని కొలత. మన దేశంలో మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల బిగింపు చేపట్టింది. తరువాత బారు పెంచి, వెనుక ఎదురెదురుగా బల్లలు వేసిన రకాలు వచ్చాయి. కమాండర్, మార్షల్ అన్న పేర్లు ఏజెన్సీలో పసిపిల్లలకు కూడా తెలుసు.

కొండదారికి జీపు పనికొచ్చే గుణమే దాని ముప్పు కూడా. ఎత్తుగా ఉండబట్టి రాయి తగలదు. ఆ ఎత్తు మీద మళ్ళీ టాపు నిండా పసుపు బస్తాలు, చింతపండు గంపలు, వాటిపైన మనుషులు ఎక్కితే బరువంతా పైకి చేరుతుంది. మలుపులో కాస్త వేగం పెరిగినా బండి ఒరిగిపోతుంది. జీపు అనగానే నాలుగు చక్రాలూ లాగుతాయని చాలామంది అనుకుంటారు. కిరాయికి తిరిగే వాటిలో చాలా బండ్లకు వెనుక చక్రాలే లాగుతాయి. వానాకాలం బురదలో అవి దిగబడితే దిగి తోసేది ప్రయాణికులే.

దిగుడు దారి మరీ ప్రమాదం. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాట. ఇంజను పట్టు ఉంటే బ్రేకుకు పని తగ్గుతుంది. డీజిలు కలిసొస్తుందని కొందరు న్యూట్రల్‌లో వదిలేస్తారు. అప్పుడు భారమంతా బ్రేకుల మీదే పడి, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. చుక్క డీజిలుకు ఆశపడితే పదిహేను ప్రాణాలు లోయ అంచున వేలాడతాయి.

సీటు లెక్క

ఇంత జనాన్ని ఎందుకు ఎక్కిస్తున్నావని డ్రైవరును నిలదీయడం తేలిక. అతని లెక్క కూడా వినాలి. చాలా జీపులు నడిపేవాడివి కావు. యజమాని వేరు. పొద్దున బండి తీసుకున్నవాడు రాత్రికి రోజు అద్దె కట్టాలి. డీజిలు అతనిదే, పంక్చరు అతనిదే, దారి ఖర్చులూ అతనివే. మొదట ఎక్కిన పదిమంది కూలి బండికి, డీజిలుకు సరి. ఆ తరువాత ఎక్కినవారి చార్జీయే అతని ఇంటికి వెళ్ళే బియ్యం. అందుకే ఎంత నిండినా బండి కదలదు. ఇంకో నలుగురు రావాలంటాడు. ఆస్పత్రికి బయలుదేరిన నిండు చూలాలు కూడా ఆ నలుగురి కోసం ఎండలో కూర్చోవాల్సిందే.

చార్జీ సంగతి సరేసరి. బస్సు టికెట్టు మీద ధర అచ్చు వేసి ఉంటుంది. జీపు చార్జీ డ్రైవరు నోట ఉంటుంది. సంత రోజు ఒకటి, పండుగ రోజు ఒకటి, వాన రోజు మరొకటి. బస్తాకు వేరు, మేకపిల్లకు వేరు. బేరం ఆడేవారికి రెండో బండి ఉంటే కదా! గంపెడు అల్లం అమ్ముకుని వచ్చిన ఇల్లాలు ఇంటికి చేరేసరికి ఆ సొమ్ములో ఎంత మిగిలిందో చూసుకోవాల్సిన పరిస్థితి.

ఉచిత ప్రయాణం ఆగిపోయిన చోటు

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. మంచి పనే. అయితే బస్సు వచ్చే ఊరికే ఆ ఉచితం వస్తుంది. బస్సు ముఖం చూడని గూడెంలో ఆడకూలి ఆ పథకం ఉందని వింటుంది, జీపుకు మాత్రం డబ్బులిస్తుంది. పట్నంలో ఉద్యోగానికి వెళ్ళే అమ్మాయికి లేని ఖర్చు కొండమీద కట్టెలమ్ముకునే అవ్వకు ఉండడం న్యాయమేనా? ఇది పథకం తప్పు కాదు. పథకం రోడ్డు చివర ఆగిపోవడం తప్పు.

కాగితాల మాట

కిరాయి జీపుల్లో కొన్నిటికి పసుపు బోర్డు ఉంటుంది. చాలా వాటికి తెల్ల బోర్డే. తెల్ల బోర్డు అంటే సొంత వాడకానికి తీసుకున్న బండి అని. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్టు లేకుండా దాన్ని కిరాయికి తిప్పకూడదు. పసుపు బోర్డు బండికి ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. తెల్ల బోర్డు బండికి పదిహేనేళ్ళ దాకా ఆ పరీక్ష లేదు. అంటే అన్నిటికన్నా చెడ్డ దారిలో, అన్నిటికన్నా ఎక్కువ బరువు మోసే బండి బ్రేకులు చూసే నాథుడు లేడన్నమాట.

అసలు దెబ్బ ప్రమాదం జరిగాక తగులుతుంది. సొంత వాడకానికని బీమా కట్టి కిరాయికి తిప్పితే షరతు తప్పారని బీమా కంపెనీ వాదిస్తుంది. పరిహారం భారం యజమాని మీద పడుతుంది. ఆ యజమానికి ఉన్న ఆస్తి ఆ జీపే, అది లోయలో ఉంది. పోయినవారి పిల్లలకు మిగిలేది కోర్టు చుట్టూ తిరుగుడు. ఆ తిరుగుడుకు కూడా మళ్ళీ జీపే ఎక్కాలి!

దింపేస్తే సరిపోదు

ప్రమాదం జరిగిన వారం రోజులు తనిఖీలు జోరుగా సాగుతాయి. ఘాట్ రోడ్డు మధ్యలో బండి ఆపి, చలానా రాసి, జనాన్ని దింపేస్తారు. తరువాత సంగతి దైవాధీనం. చట్టంలో ఒక మంచి మాట ఉంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. 2019 సవరణ ప్రకారం అదనంగా ఎక్కించిన ఒక్కొక్కరికి 200 రూపాయల జరిమానా. దానితోపాటు, అదనపు ప్రయాణికులను దింపి, వారికి వేరే ప్రయాణ ఏర్పాటు జరిగాకే ఆ బండి కదలాలని కూడా అందులో ఉంది. జరిమానా రాసే చేతులకు ఈ రెండో భాగం గుర్తుండడం లేదు. పసిపిల్లతో సహా తల్లిని అడవి దారిలో దింపి వెళ్ళడం చట్టాన్ని అమలు చేయడం కాదు.

జీపులు మానిపిస్తే బస్సులు వాటంతట అవి రావు. జనం నడుస్తారు, రోగులను డోలీ కట్టి మోస్తారు. బస్సు ఉంటే ప్రమాదాలు ఉండవనీ కాదు. 2023 ఆగస్టులో పాడేరు ఘాట్‌లో లోయలో పడింది ఆర్టీసీ బస్సే. కాకపోతే బస్సుకు లెక్క ఉంది, బాధ్యత ఉంది, అడగడానికి ఒక గుమ్మం ఉంది. జీపుకు కావలసింది కూడా అదే.

దారి చట్టంలోనే ఉంది

గ్రామీణ రవాణాకు, బస్సు చివర నుంచి ఇంటి దాకా చేర్చే ప్రయాణానికి రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక పథకం పెట్టి లైసెన్సులు ఇవ్వవచ్చునని అదే 2019 సవరణ చెబుతోంది. ఏజెన్సీ జీపులకు ఇంతకన్నా అతికే మాట లేదు. డ్రైవర్లకు కూడా ఒక అడ్డు తొలగింది. 7,500 కిలోల లోపు రవాణా బండ్లు నడపడానికి తేలిక వాహనాల లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

కనుక చేయవలసింది కొండంత పనేమీ కాదు. తెల్ల బోర్డు జీపులను తరిమే బదులు తక్కువ రుసుముతో పసుపు బోర్డులోకి మార్చాలి. ఫిట్‌నెస్ పరీక్షకు మైదానానికి దిగిరమ్మనకుండా మండల కేంద్రాల్లోనే శిబిరాలు పెట్టాలి. ఏ ఊరికి ఎంత చార్జీయో, ఎందరిని ఎక్కించాలో తెలుగులో రాసి బండి తలుపు మీద అతికించాలి. తక్కువమందిని ఎక్కిస్తే డ్రైవరుకు వచ్చే నష్టాన్ని కొంతైనా ప్రభుత్వం భరించాలి. బస్సులో ఆడవారి టికెట్టు సొమ్ము భరిస్తున్న ప్రభుత్వానికి బస్సు లేని ఊళ్ళలో జీపు సీటు సొమ్ము పెద్ద బరువు కాదు. రోడ్డు బాగున్న మేరకు సంత రోజుల్లోనైనా ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చిన్న బస్సు నడపాలి.

ప్రయాణికుల వంతు కూడా ఉంది. టాపు మీద కుర్రాళ్ళు ఎక్కడం గొప్ప కాదు. డ్రైవరు తాగి ఉంటే ఊరంతా కలిసి బండి దిగాలి. ఒక్కరు దిగితే అతను వినడు, పదిమంది దిగితే వింటాడు.

పొద్దున జీపెక్కిన మనిషి సాయంత్రం అదే జీపులో దిగుతాడో లేదో అని ఇంటివారు మలుపు వైపు చూస్తూ కూర్చోవడం ఏజెన్సీలో అలవాటైపోయింది. ఇలాంటి అలవాటును మాన్పించడమే పాలన. మరో జీపు లోయలో పడ్డాక పరిహారం ప్రకటించడం కన్నా, ఈ సంతకు ముందే అధికారులు ఒకసారి ఆ బల్ల మీద పదిహేనో మనిషిగా కూర్చుని లోపలి ఊరి దాకా వెళ్ళిరావడం మంచిది. ఏం చేయాలో దారే చెబుతుంది.