ఆ పిల్లాడి నాత్ 150 కాదు



మిలాద్ అయిపోయింది. పచ్చ జెండాలు విప్పేశారు, బిర్యానీ దేగ్‌లు కడిగి బోర్లించారు. ఒక పిల్లాడి మీద వేసిన ఇల్జామ్ మాత్రం ఇంకా దిగలేదు. అందుకే ఇది రాస్తున్నా. ఊరి పేరు చెప్పను, కమిటీ పేరు చెప్పను. చదివితే వాళ్లకే తెలుస్తుంది.

ఈసారి జులూస్‌లో డీజే వద్దని ఆ కమిటీ ఫైసలా చేసింది. చాలా మంచి పని. ఆ బాక్సుల మోతకి చంటిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు, మంచంలో ఉన్న ముసలాళ్లు అల్లాడిపోతారు. నేనూ ఎన్నోసార్లు రాశాను. అయితే దాని పక్కనే ఇంకో షరతు పెట్టారు. నాత్ వేగం 100 బీపీఎం దాటకూడదట. బీపీఎం అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలు పడుతున్నాయనే లెక్క. చదివేవాళ్లు ముందే రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాలి, ఎవరి ఫోన్‌లోనో ఉన్న యాప్ దాన్ని విని అంకె చెప్తుంది. వినగానే నవ్వొచ్చింది నాకు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

పదమూడేళ్ల పిల్లాడు. దఫ్ మీద వేళ్లు ఆడిస్తూ నాత్ చదువుతాడు. వాడి క్లిప్‌కి యాప్ 150 చూపించింది. "బేటా, యే నాత్ హై యా డీజే?" అన్నారొకాయన, నలుగురూ నవ్వారు. మైకు ఇవ్వలేదు. అప్పట్నుంచీ వాడు జుమాకి వస్తే ఆఖరి సఫ్‌లో నిలబడి, సలాం తిప్పగానే చెప్పులేసుకుని వెళ్లిపోతున్నాడు.

వాడి మామూ నా దోస్తు. ఒక ఆదివారం చేపలు కొనే వంకతో వాణ్ని వెంటబెట్టుకుని కొత్తపట్నం వచ్చాడు. నేను ఒంగోలు నుంచి వెళ్లాను. ఇసకలోకి లాగిన పడవ పక్కన కూర్చుని, ఆ క్లిప్ పెట్టమన్నాను. మొదట వేగం 1.5 మీద ఉంది! వినడానికి ఎవరో తొందరపడి నొక్కింది అలాగే ఉండిపోయింది. మామూలు వేగానికి తెచ్చి, పడవ చెక్క మీద అరచేత్తో తాళం వేస్తూ గడియారం చూసుకుంటూ లెక్కపెట్టాను. నిమిషానికి 75. మళ్లీ పెట్టాం, మళ్లీ 75. పిల్లాణ్నే లెక్కపెట్టమంటే 76 అన్నాడు.

మొదటి దెబ్బని ఒకటి అని మొదలుపెట్టాడు వాడు. అది సున్నా. మనం లెక్కపెట్టేది దెబ్బల్ని కాదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న జాగాని. నిమిషమంతా లెక్కపెడితే ఈ పొరపాటు ఒకటితో పోతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నాలుగు ఎక్కువొస్తుంది. ఇంట్లో మీరు కూడా చేసి చూడండి, యాప్ అక్కర్లేదు.

మరి 150 ఎక్కడిది? వాడి దఫ్ నుంచే. తాళానికీ తాళానికీ మధ్య వాడి వేళ్లు ఇంకో చిన్న దెబ్బ వేస్తున్నాయి. యాప్ గట్టిగా పడిన శబ్దాలన్నీ ఏరుకుని, ఏ జాగా పదే పదే వస్తోందో వెతుక్కుంటుంది. ఏది అడుగో, ఏది అడుగుల మధ్య గజ్జె చప్పుడో దానికి తెలీదు. అందుకే ఒకే పాటకి 75 అయినా చెప్తుంది, 150 అయినా చెప్తుంది. ఇలాంటివి తయారుచేసేవాళ్లకి ఇది పాత జబ్బే. కొన్ని యాప్‌లలో అంకెని సగం చేసే మీట, రెట్టింపు చేసే మీట కూడా ఉంటాయి. కమిటీలో ఎవరూ ఆ మీట నొక్కలేదు.

ఇంకో సంగతి. ఒకాయన తాళం లేకుండా, దఫ్ లేకుండా, ఊపిరి ఆగినచోట ఆగుతూ చదివిన నాత్‌కి కూడా ఆ యాప్ ఏదో అంకె ఇచ్చింది. 'తెలీదు' అనే మాట దానికి రాదు. మనలో కొందరు పెద్దలకీ రాదనుకోండి. అంతకంటే బాధ, కింద డ్రమ్ మెషీన్, గుండెలదిరే బేస్ పెట్టి తయారుచేసిన రీమిక్స్ ఒకటి 90 చూపించి దర్జాగా పాసైపోయింది. ఏ డీజేని ఆపడానికి షరతు పెట్టారో ఆ డీజే లోపలికొచ్చింది, దఫ్ పట్టుకున్న పిల్లాడు బయట నిలబడ్డాడు. ఇది ఇన్సాఫా?

ఈ లెక్క మన ఇలాఖాకి కొత్తేం కాదు. ఒంగోలు పక్కనే కరవది. అక్కడ 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ నాదస్వరం పట్టుకుని శ్రీరంగం దాకా వెళ్లారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకి సంగీత కళానిధి ఇచ్చింది. ఆ సంగీతంలో పల్లవిని మూడు కాలాల్లో వినిపించే పద్ధతి ఉంది. స్వరాలు రెట్టింపవుతాయి, నాలుగింతలవుతాయి, తాళం వేసే చెయ్యి మాత్రం ముందు ఎలా పడిందో అలాగే పడుతుంది. డోలు ఎంత గబగబా మోగినా చేతికి తొందర ఉండదు. మన పక్కూరి సాయిబు జీవితమంతా మసిలిన విద్య అది. దాని బిస్మిల్లా కూడా తెలియని యాప్‌కి మనం ఖాజీ గిరీ అప్పజెప్పాం.

ఉర్దూ మీడియం బడిలో మా ఉస్తాద్ బల్ల మీద వేళ్లతో కొడుతూ షేర్లకి తఖ్తీ చేయించేవారు. తర్వాత తెలుగు డిగ్రీలో గురువు లఘువు చదివాను. రెండుచోట్లా నేర్పింది ఒకటే. అక్షరాలు ఎన్ని ఉన్నాయన్నది వేరు, నడక ఎంత అన్నది వేరు.

మౌసిఖీయే హరాం, ఇంక లెక్కలెందుకు అనేవాళ్లున్నారు. దఫ్ మీద ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది. నేను ముఫ్తీని కాను, ఆ మసలా వాళ్లది. దఫ్ వద్దనుకుంటే వద్దని చెప్పండి, పిల్లాడు వినేవాడు. దఫ్‌కి ఇజాజత్ ఇచ్చి, తప్పుడు గవాహి మీద వాణ్ని ముజ్రిమ్ చేశారే, నా తక్రార్ దాని మీద.

ఇంకొకాయన సూరా ముజ్జమ్మిల్‌లో తర్తీల్ హుకుం ఉంది కదా అన్నారు. ఉంది, అది ఖురాన్ తిలావత్‌కి. అందులోనూ ఖారీలు తహ్ఖీఖ్, తద్వీర్, హద్ర్ అని నెమ్మదివి, మధ్యస్థంవి, త్వరగా చదివేవి వేర్వేరు నడకలు చెప్తారు. ఏ నడకలోనైనా హర్ఫ్ హక్కు హర్ఫ్‌కి దక్కాలి. మరి రంజాన్ తరావీలో పారా తొందరగా ముగించమని హాఫిజ్ సాబ్ వెంటపడేది ఎవరు? మనమే కదా. అప్పుడు ఈ యాప్ ఎవరి జేబులో నిద్రపోతోంది?

కమిటీ సదర్ సాబ్‌కి మొన్న ఫోన్ చేశాను. లెక్క మొత్తం చెప్పాను, ఓపిగ్గా విన్నారు. నలుగురిలో అన్న మాటని నలుగురిలోనే వాపస్ తీసుకోండి, జుమా తర్వాత రెండు నిమిషాలు చాలు అన్నాను.

"వచ్చే మిలాద్‌కి చూద్దాం భాయ్" అన్నారు.

వచ్చే మిలాద్‌కి వాడికి పద్నాలుగు నిండుతాయి. ఆ రోజు పడవ దగ్గర వాడు చదివిన గొంతు అప్పటికి ఉండదు, బొంగురు పోతుంది.