గీతకు కాగితము చేరు దారి

ఇంటి ప్లాను గీయువాని శ్రమ కాగితము మీదనే ఫలించును. తెరమీద గీత యెంత చక్కగా నున్నను, అది కాగితమై మేస్త్రీ చేతికి చేరనిదే గోడ లేవదు. ముప్పది యేండ్ల క్రిందట డాస్ కంప్యూటరుపై ప్లానులు గీసి దాచుకొన్నవానికి నేడు కలుగుచున్న కష్టమిదియే. ఫైలు చెడలేదు, గీతలు చెరగలేదు. ప్రయాసపడి పాత ప్రోగ్రామును కొత్త కంప్యూటరులో తెరచినను, అచ్చునకు ఆజ్ఞ యిచ్చినంతనే ప్రింటరు మౌనము వహించును. పాతది పాఱవేసి కొత్తది కొనుమని లోకము సలహా చెప్పును. ఈ సలహా సులభమే గాని న్యాయము కాదు.

ఈ మౌనమునకు కారణము తెలిసికొనవలెను. డాస్ కాలమున ప్రతి ప్రోగ్రామును ప్రింటరుతో తానే మాటాడెడిది. ఆ ప్రింటరు భాష తెలిసిన డ్రైవరును తన వెంటనే తెచ్చుకొని, కంప్యూటరు వెనుకనున్న 25 రంధ్రముల ప్యారలల్ పోర్టు గుండ నేరుగా పంపెడిది. విండోస్ ఈ మర్యాదను మార్చినది. ప్రోగ్రాము తన మనవిని విండోస్‌కు చెప్పుకొనవలెను. ప్రింటరుతో మాటాడు అధికారము విండోస్‌దే. 1982లో వెలువడిన ఆటోక్యాడ్‌నే చూడుడు. దాని డాస్ రూపము 1994 నాటి 13వ విడుదలతో ముగిసినది. 1997 నాటి 14వ విడుదల విండోస్‌కే పరిమితమైనది. 64 బిట్ల విండోస్‌లో డాస్ ప్రోగ్రాములను నడుపు ఏర్పాటే లేదు. 2021లో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు. ప్యారలల్ పోర్టు సైతము కొత్త కంప్యూటర్లలో అరుదైపోయినది.

ఈ మార్పును దౌర్జన్యమనుట తగదు. పది ప్రోగ్రాములు ఒక్క ప్రింటరు కొఱకు పోరాడినచో కలుగు గందరగోళమును మాన్పుటకు నడుమ నొక పెద్దమనిషి కావలసివచ్చెను. తప్పు మార్పులో లేదు. మారునపుడు వెనుకటివారికి దారి విడువకపోవుటలో నున్నది.

దారి బొత్తిగా లేకపోలేదు. డాస్‌బాక్స్ వంటి ప్రోగ్రాములు కొత్త యంత్రములో పాత యంత్రమును అభినయించి చూపును. అది ముఖ్యముగా ఆటల కొఱకు పుట్టినది గనుక అచ్చు విషయమున దానిని పూర్తిగా నమ్మరాదు. కాని పాత ప్రోగ్రామును అందు నడిపి, ప్లాటరుకు పంపవలసినదానిని ఫైలుగా వ్రాయించుట చాలవఱకు సాధ్యము. ప్లాటర్లకు హెచ్‌పీ-జీఎల్ అను భాష కలదు. అందు 'పీయూ' అనగా కలమెత్తుము. 'పీడీ' అనగా కలము దించుము. పిదప వచ్చు అంకెలు కలము పోవలసిన చోటును తెలుపును. మిల్లీమీటరుకు 40 కొలతలు. కలమెత్తి మొదటి మూలకు చేర్చి, దించి, నాలుగు చోట్లు చెప్పినచో చదరము సిద్ధము. పలకపై ఓనమాలు దిద్దు బాలునికి గురువు చెప్పు మాటలకును వీనికిని భేదమేమి? ఇంత తేటగా నున్నది గనుకనే, నాటి ఫైలును నేటి ప్రోగ్రాములు చదివి పీడీఎఫ్‌గా మార్చగలుగుచున్నవి. నేటి పెద్ద ప్లాటర్లలో అనేకము ఆ భాష తరువాతి రూపమును గ్రహించుచునే యున్నవి.

ఇందలి నీతి స్పష్టము. మర్మముగా వ్రాసినది ప్రోగ్రాముతోనే మరణించును. బహిరంగముగా వ్రాసినది బ్రతుకును. డీఎక్స్‌ఎఫ్ రూపము వివరములు ప్రకటితములగుటచేతనే ఇతర ప్రోగ్రాములును దానిని చదువగలుగుచున్నవి. పీడీఎఫ్ 2008లో అంతర్జాతీయ ప్రమాణమైనది. ప్రోగ్రాము అమ్మినవానిది కావచ్చును; ప్లాను మాత్రము గీసినవానిదే. అది బయటికి వచ్చు దారిని తెరచియుంచుట అమ్మువాని ధర్మము. కార్యాలయములును కళాశాలలును ప్రోగ్రాము కొనునపుడే యీ నిబంధన విధింపవలెను.

తాళపత్ర గ్రంథములు మనదాక వచ్చుట ఆకుల గట్టితనముచేత మాత్రమే కాదు. ఆకు శిథిలము కాకముందే ఎవడో లేఖకుడు కొత్త ఆకుపై ఎక్కించెను. పాత కంప్యూటరు నడచుచుండగనే ప్లానును బహిరంగ రూపమునకు మార్చి, కాగితముపై నొక ప్రతి నుంచుకొనుట అట్టి పనియే. ఉపాధ్యాయులు గీయుట నేర్పుచున్నారు. గీసినది నిలుపుకొనుటయు నేర్పవలెను. ఇంటిపై మఱియొక అంతస్తు వేయదలచిననాడు, స్తంభములో ఇనుప కడ్డీలు ఎన్నియున్నవో చెప్పవలసినది ఆ పాత ప్లానే.