కాలక్షేపం అనే మాట మీద నా ఫిర్యాదు



"టీచరుగారికి పదవీ విరమణ తరువాత అల్లికలే కాలక్షేపం" అని నన్ను కొత్తవారికి పరిచయం చేసేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. అనేవారి మనసులో దురుద్దేశం ఏమీ లేదని నాకు తెలుసు. పెద్దావిడ ఏదో ఒక పనిలో పడి హాయిగా ఉన్నదని మెచ్చుకోలుగానే అంటారు. అయినా ఆ మాట నాకు గిట్టదు. ఆ మాట వెనుక ఒక లెక్క దాగి ఉన్నది. ఆ లెక్కలో కొన్ని వేలమంది స్త్రీల కూలి గల్లంతవుతున్నది. ఆ సంగతి చెప్పడానికే ఈ టపా.

ముందుగా మాటను పరిశీలిద్దాం. మూడు దశాబ్దాలకు పైగా వ్యాకరణం చెప్పిన నోరు ఊరుకోదు గదా! కాలక్షేపంలోని క్షేపం "క్షిప్" ధాతువునుండి పుట్టింది. విసరడం, పారవేయడం దాని అర్థం. ప్రక్షేపం, విక్షేపం, ఆక్షేపణ అన్నీ ఆ ధాతువు సంతానమే. కాబట్టి కాలక్షేపమంటే అక్షరాలా కాలాన్ని పారవేయడం. అయితే వాడుకలో ఈ మాటకు గొప్ప గౌరవమే ఉండేది. వైష్ణవ సంప్రదాయంలో గురువు సన్నిధిలో కూర్చుండి గ్రంథార్థాన్ని తెలుసుకోవడం గ్రంథకాలక్షేపం. గుడి మండపంలో హరిదాసు గజ్జె కట్టి చెప్పేది హరికథా కాలక్షేపం. అది ముగిసిన తరువాత హరిదాసుకు శాలువా కప్పి, తాంబూలంలో సంభావన ఉంచి సాగనంపుతారు. "ఆయన తన ఆనందం కొద్దీ పాడుకున్నాడు, డబ్బెందుకు?" అని ఏ ఊరి పెద్దా అనడు. అదే మాట ఇంటి అరుగుమీద కూర్చుని అల్లుకునే స్త్రీ దగ్గరకు వచ్చేసరికి శాలువా పోయింది, సంభావన పోయింది, పారవేయడం అన్న ధాత్వర్థం ఒక్కటే మిగిలింది.

నేను పారవేస్తున్నానంటున్న ఆ కాలం ఎటువంటిదో కూడా చెబుతాను. తెల్లవారి కాఫీ అయిన తరువాత వరండాలో వెలుతురు బాగుంటుంది. నలుపు, ముదురు నీలం ఊలు అప్పుడే అల్లాలి, రాత్రి దీపం కింద ఆ రంగుల్లో కుట్టు కనబడదు. మధ్యాహ్నం కొత్త నమూనాకు లెక్క వేసుకుంటాను. పాత లెక్కల నోటుపుస్తకంలోని గళ్ళ కాగితం ఇందుకు బహుచక్కగా పనికివస్తుంది. రాత్రి వార్తలు వింటూ సాదా వరుసలు సాగిస్తాను. అంచుకు 12 నంబరు సూదులు, మిగిలిన ఒంటికి 10 నంబరు సూదులు. వరుస మధ్యలో ఉండగా ఫోను మోగినా ఎత్తను. నా మనుమలకు కూడా ఈ నియమం కంఠతా వచ్చు. ఎవరైనా పిలిస్తే "అమ్మమ్మ లెక్కలో ఉంది" అని వాళ్ళే జవాబిస్తారు.

ఆ లెక్కే ఇక్కడ మీ ముందు పెడతాను. పెద్దవారికి ఒక స్వెట్టరు అల్లాలనుకోండి. వీపు భాగానికి 110 కుట్లు వేసి 180 వరుసలు అల్లితే 19,800 కుట్లు. ముందు భాగం మెడ ఒంపు తీసివేస్తే సుమారు 19,000. చేతులు మణికట్టు దగ్గర సన్నంగా మొదలై పైకి వెడల్పవుతాయి గనుక సగటున 65 కుట్లు, 130 వరుసలు అనుకుంటే రెండు చేతులకూ కలిపి 16,900. వెరసి 55,000కు పైమాటే. నిమిషానికి 25 కుట్ల చొప్పున చెయ్యి తిరిగినవారికి కూడా 37 గంటలు పడుతుంది. అతుకులు, మెడపట్టీ, గుండీలు కలుపుకుంటే 40 గంటలు. కచేరీ ఉద్యోగికి అది అయిదు రోజుల పని.

ఈ అయిదు రోజుల పనిని నన్ను అడిగేవారు ఎలా అడుగుతారో వినండి. "పిన్నిగారూ, ఊలు ఖర్చు మేమే పెట్టుకుంటాం, ఎలాగూ ఖాళీయే గదా, మా వాడికొకటి అల్లిపెట్టండి." అలా అడిగే అమ్మాయే దర్జీ దగ్గర జాకెట్టుకు కుట్టుకూలి మారుమాట్లాడకుండా ఇచ్చి వస్తుంది. దర్జీది పని, పిన్నిగారిది కాలక్షేపం! నా ఇష్టం కొద్దీ నేను అల్లి ఇచ్చేవి వేరు. పురిటి బిడ్డకు టోపీ అల్లి ఇచ్చినప్పుడు దానికి వెల కట్టమని నేనెన్నడూ అడగలేదు, అడగబోను. ఇచ్చేవారు ఇస్తే అది కానుక. తీసుకునేవారే అది కానుకని ముందుగా తీర్మానించుకుంటే దానికి వేరే పేరుంది. వెట్టి అంటారు.

"ఇష్టంగా చేసే పనికి కూలి మాటెందుకు?" అని ఒక తర్కం ఉన్నది. నేను తెలుగు పాఠం ఇష్టంగానే చెప్పాను. ఛందస్సు చెప్పేరోజున మరీ ఇష్టంగా చెప్పాను. ఆ ఇష్టానికి తగినంత నా జీతంలో కోత కోసుకుంటామని ఏ ప్రభుత్వమూ అనలేదు. ఆనందం పనిచేసేవారి సొంతం. వెల పనిది. ఒకటి ఉన్నదని రెండవది ఎగవేయడం న్యాయం కాదు.

"ఇది బుర్ర పెట్టనక్కరలేని పని" అనేవారికి పండితురాలిగా ఒక మాట. ఊలు అల్లికకు మూలం రెండే కుట్లు. ఎదురు కుట్టు, వెనుక కుట్టు. నిట్టు, పర్లు అని అందరూ అనేవి అవే. లఘువు, గురువు అనే రెండింటితో మూడక్షరాల గణాలు ఎనిమిది పుట్టినట్లూ, ఆ గణాలతో ఉత్పలమాల, మత్తేభం నడిచినట్లూ, ఈ రెండు కుట్లతోనే జడలూ, గళ్ళూ, ఆకులూ, అలలూ అన్నీ వస్తాయి. ఒక్క గణం తప్పితే పద్యం కుంటుతుంది. ఒక్క కుట్టు జారితే పది వరుసల కింద ఆ లోపం కనబడుతుంది. పద్యపాదాన్ని వేళ్ళమీద లెక్కించేవారిని విద్వాంసులంటాం. కుట్లను వేళ్ళమీద లెక్కించేవారిని "పాపం, ఏమీ తోచక" అంటాం.

అసలు మన సాహిత్య పరిభాష అంతా దారంతో పేనినదే. సూత్రమంటే దారం. గ్రంథమంటే ముడివేసి కూర్చినది. తంత్రమంటే మగ్గం మీది పడుగు. ప్రబంధంలో ఉన్నది బంధం. అల్లసాని పెద్దన కవిత్వాన్ని మెచ్చుకోవలసివచ్చినప్పుడు తెలుగువాడికి తట్టిన మాట అల్లిక. కవిని పొగడడానికి అల్లేవారి చేతినుండి మాట అరువు తెచ్చుకున్న జాతి, ఆ చేతికి ఏమీ ఇవ్వకపోవడం ఏమి మర్యాద?

మరి రెండు ఆక్షేపణలకు క్లుప్తంగా బదులు చెప్పి అసలు విషయానికి వస్తాను. "ఇది ఆడవాళ్ళ పని" అంటారు. పెరూ దేశంలో తితికాకా సరస్సు మధ్యనున్న తాకీలే ద్వీపంలో ఊలు అల్లేది ముఖ్యంగా మగవారు, చిన్న పిల్లలు మొదలుకొని. ఆ నేత, అల్లికల కళను యునెస్కో 2005లో మానవజాతి వారసత్వంగా ప్రకటించింది. "యంత్రాలుండగా చేత్తో ఎందుకు?" అంటారు. మేజోళ్ళు అల్లే యంత్రాన్ని ఇంగ్లండులో విలియం లీ 1589లోనే కనిపెట్టాడు. నాలుగు వందల ఏళ్ళు దాటినా చేతి అల్లిక చావలేదు. ఇక కొక్కెపు సూదితో చేసే క్రోషా అల్లిక సంగతి మరీ విశేషం. అంగడిలో దొరికే అసలైన క్రోషా అల్లిక ఏదైనా, అది ఏ దేశంలో తయారైనదైనా, ఎవరో ఒక మనిషి చేత్తో అల్లినదే. యంత్రం నేసేది దానికి పోలిక మాత్రమే. చవకగా దొరికిన క్రోషా జాకెట్టును చూసి మురిసిపోయేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. అది చవకగా వచ్చిందంటే చవకబారింది యంత్రం కాదు, చెయ్యి.

ఆ చెయ్యి మన గోదావరి ఒడ్డునే ఉన్నది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో లేసు అల్లికకు నూరేళ్ళకు మించిన చరిత్ర ఉన్నది. పంతొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన విద్య అది. క్రమంగా ఇంటింటికీ పాకి విదేశాలకు ఎగుమతి అయ్యే సరుకైంది. ఏజెంటు దారం ఇస్తాడు. ఒకరు పువ్వులు అల్లుతారు, మరొకరు వాటిని అతుకుతారు, అన్నీ కూడి బల్లగుడ్డలూ దుప్పట్లూ అవుతాయి. కూలి ముక్కలెక్కన. ఆ దారి వెంట వెళ్ళినవారెవరైనా చూసే ఉంటారు, వీధి అరుగులమీద స్త్రీలు మాటలాడుకుంటూనే వేళ్ళు ఆడిస్తుంటారు. చూసేవారికి అది ఊసుపోక కూర్చున్న గుంపు. అంతా అక్కడే ఉన్నది మోసం.

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీల జీవితాన్ని పరిశోధించి "నరసాపురం లేసు అల్లికదార్లు" అన్న అర్థం వచ్చే పేరుతో 1982లో ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రకటించింది. ఆమె కనుగొన్నది ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూ రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీని అందరూ గృహిణి అన్నారు, ఆమె పనిని తీరికవేళ వ్యాపకమన్నారు. కార్మికురాలు అనలేదు గనుక కార్మికురాలికి ఇచ్చే కూలి ఇవ్వనక్కరలేకపోయింది. ఘోషా మర్యాద పేరిట గడప దాటని స్త్రీ అల్లినదాన్ని గడప దాటించి అమ్ముకున్నది మగవారు. లాభం వారిది. చూశారా, "కాలక్షేపం" అన్న ఒక్క మాట ఎంత పని చేసిందో! జీతపు పట్టీ అవసరం లేకుండా ఒక పరిశ్రమనే నడిపించింది.

తీరికట! ఎవరికున్నది ఆ తీరిక? కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖవారు 2019లో దేశమంతటా జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చించారు. ఆ పని చేసే పురుషుల సగటు 97 నిమిషాలు. అయిదు గంటలు వంటింటికి సమర్పించిన తరువాత పట్టుకున్న సూదిని తీరిక అంటున్నాం. వంట ఎసరు మరిగేలోపల, పిల్లవాడు నిద్రపోయేలోపల దక్కించుకున్న క్షణాలను ఏరి కూర్చడం అది. కాలాన్ని పారవేయడం ఎంతమాత్రం కాదు, పారవేసిన కాలాన్ని ఏరుకోవడం.

నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషించవలసిందే. కాని ఆ గుర్తింపు కాపాడేది సరుకు పేరును, ఊరి పేరును. అల్లినామె పేరును గాని, ఆమె కూలిని గాని అది కాపాడదు. ఇంట్లో కూర్చుని ఇతరుల కోసం పనిచేసేవారికి తక్కిన కార్మికులతో సమానంగా హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడికను ఆమోదించింది. మన దేశం దానిని ధ్రువీకరించలేదు. ఊరి పేరుకు పట్టం కట్టి ఊరి ఆడవారిని అరుగుమీదనే వదిలివేయడం మనకు అలవాటైన మర్యాద.

చట్టాలు చేసేవారు ఈ టపా చదవరు, నాకు తెలుసు. చదివే మీరు మాత్రం మూడు పనులు చేయగలరు. లేసు కొనేటప్పుడు బేరం ఆడకండి. ఆడక తప్పదనుకుంటే అల్లినామెకు అందులో ఎంత దక్కిందో ముందు అడగండి. జవాబు విన్న తరువాత మీ నోరే బేరానికి పెగలదు. మీ ఇంట్లో అల్లేవారుంటే, వారు తల్లి అయినా అత్తగారైనా, ఆ వరుస పూర్తయ్యేదాకా పిలవకుండా ఉండండి. అది వారి పనివేళ. మూడవది అన్నిటికన్నా తేలిక, పైసా ఖర్చు లేనిది. కాలక్షేపం అనకండి. "ఏం పని చేస్తున్నారు?" అని అడగండి. అల్లిక పని అని వారు చెబుతారు. ఆ రెండవ మాటను గట్టిగా పలికే ధైర్యం వారికి చాలాకాలంగా ఎవరూ ఇవ్వలేదు.

ఇందులో దేనితోనైనా విభేదించేవారు తప్పక వాదానికి రండి. చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీయే. అల్లికతో విసిగిపోయినవారూ, అల్లేవారి చేతి స్వెట్టరు తొడుక్కుని పెరిగినవారూ కూడా నాలుగు మాటలు రాయండి. బదులు కాస్త ఆలస్యమైతే మన్నించండి, లెక్కలో ఉండి ఉంటాను.

స్వస్తి.