అన్నం మానేసి పరుగు మొదలుపెట్టే వాళ్లకి

సెమిస్టర్ మొదలైన ప్రతిసారీ హాస్టల్లో రెండు నిర్ణయాలు కవల పిల్లల్లా పుడతాయి. ఒకటి, సోమవారం నుంచి అన్నం బంద్. రెండు, సోమవారం నుంచే పొద్దున ఐదు కిలోమీటర్ల పరుగు. రెండూ మంచివే కదా, కలిపితే డబుల్ రిజల్ట్ అని లెక్క. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉంటుంది కాబట్టి జూన్, జులైల్లో ఈ బ్యాచ్ ఇంకాస్త పెరుగుతుంది. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా: మన వయసులో, మన మెస్ తిండితో, ఈ రెండూ ఒకేసారి మొదలుపెట్టడం చెత్త ప్లాన్. విడివిడిగా అయితే రెండిటి మీదా నాకు కోపం లేదు.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. అన్నం, ఇడ్లీ, చపాతీ ఏది తిన్నా అందులోని పిండిపదార్థం చివరికి గ్లూకోజ్ అవుతుంది. వెంటనే వాడనిది గ్లైకోజెన్ రూపంలో కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉంటుంది. అంతా కలిపి సుమారు 500 గ్రాములు, అంటే దాదాపు 2000 కేలరీలు. కొవ్వు లెక్క వేరు. ఒంట్లో పది కిలోల కొవ్వు ఉందంటే 80 వేల కేలరీల పైమాటే. సీఎస్ఈ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే గ్లైకోజెన్ క్యాష్ మెమరీ, కొవ్వు హార్డ్ డిస్క్. ఒకటి చిన్నది కానీ ఫాస్ట్, ఇంకోటి పెద్దది కానీ స్లో. మారథాన్‌లో 30 కిలోమీటర్లు దాటాక చాలామంది గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోవడానికి ఆ క్యాష్ ఖాళీ అవ్వడమే పెద్ద కారణం.

లో-కార్బ్ వాళ్ల వాదన ఇక్కడే పుట్టింది. పిండిపదార్థాలు బాగా తగ్గించేస్తే శరీరం హార్డ్ డిస్క్ మీదే బతకడం నేర్చుకుంటుంది, ఇక గోడే ఉండదు అంటారు. నిజంగానే నేర్చుకుంటుంది. 2016లో అమెరికాలో జెఫ్ వోలెక్ బృందం 20 మంది అల్ట్రా రన్నర్లని పరీక్షించింది. నెలల తరబడి లో-కార్బ్ తింటున్న పదిమంది నిమిషానికి 1.54 గ్రాముల దాకా కొవ్వు ఖర్చు చేశారు. మిగతా పదిమంది 0.67 గ్రాముల దగ్గరే ఆగారు. ఈ అంకె చూస్తే ఎవరికైనా ప్లేటు పక్కన పెట్టాలనిపిస్తుంది.

కాకపోతే ఆ పరీక్షలో ఎవరు ముందు గీత దాటారన్న ప్రశ్న లేదు. ఆ ప్రశ్న ఆస్ట్రేలియాలో లూయీజ్ బర్క్ అడిగింది. ప్రపంచ స్థాయి రేస్ వాకర్లకి మూడు వారాలు గట్టి ట్రైనింగ్ ఇచ్చి, ఒక గుంపుకి రోజుకి 50 గ్రాముల లోపే కార్బ్స్ పెట్టింది. 50 గ్రాములంటే ఒక కప్పు అన్నంతో దాదాపు అయిపోతుంది, ఆ తర్వాత పప్పు కూడా ఆలోచించి తినాలి. 2017లో ఫలితాలు వచ్చాయి. అన్ని గుంపుల్లోనూ దమ్ము పెరిగింది. (ఎండ్యూరెన్స్‌కి 'సహనశక్తి' లాంటివి డిక్షనరీలో ఉన్నాయి గానీ, 'దమ్ము' కంటే మంచి మాట నాకు దొరకలేదు.) కానీ 10 కిలోమీటర్ల రేస్‌లో కార్బ్స్ తిన్నవాళ్ల టైమింగ్ అయిదారు శాతం మెరుగైంది, లో-కార్బ్ గుంపుది మెరుగవ్వలేదు. కారణం సింపుల్. ఒక లీటరు ఆక్సిజన్‌తో గ్లూకోజ్ మండితే వచ్చేంత శక్తి కొవ్వు మండితే రాదు. అదే వేగానికి ఎక్కువ గాలి పీల్చాలి. 2020లో మళ్లీ చేస్తే మళ్లీ అదే తేలింది.

కాబట్టి నెమ్మదిగా, గంటల తరబడి వెళ్లేవాళ్లకి ఈ పద్ధతి నడవొచ్చు. టైమింగ్ కావాలనుకునే వాడికి మాత్రం అన్నం శత్రువు కాదు. కెన్యా రన్నర్ల తిండిని 2004లో లెక్కగడితే అందులో దాదాపు ముప్పావు వంతు కేలరీలు కార్బ్స్ నుంచే వచ్చాయి. వాళ్ల ఉగాలి, మన సంకటి, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి.

ఇదంతా సైన్స్. అసలు నా గొడవ మెస్‌తో. రీల్స్‌లో లో-కార్బ్ అంటే పనీర్, అవకాడో, చేపలు, నట్స్. మన మెస్‌లో అన్నం తీసేస్తే ఏం మిగులుతుంది? నీళ్ల సాంబారు, ఆలూ వేపుడు (అదీ కార్బే), పల్చటి మజ్జిగ, వారానికి రెండుసార్లు గుడ్డు. దాన్ని లో-కార్బ్ అనరు, పస్తు అంటారు. పేరు మాత్రమే డైట్. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గామని స్క్రీన్‌షాట్ పెడతారు చూడండి, అందులో ఎక్కువ భాగం నీళ్లే. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టుకుని ఉంటుంది, అది ఖాళీ అయితే నీళ్లూ పోతాయి. నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది. దాని మీద పరుగెత్తి చెమట కూడా పోగొట్టుకుంటే, ఎనిమిదిన్నర క్లాసులో కళ్లు తిరగడం వింతేమీ కాదు.

తిండి తక్కువ, పరుగు ఎక్కువ అయి నెలలు గడిస్తే దానికి వైద్యంలో ఒక పేరుంది. రెడ్-ఎస్ అంటారు, 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు పెట్టిన పేరు. ఖర్చుకి సరిపడా శక్తి రాకపోతే శరీరం ఒక్కో సర్వీసునీ ఆపేస్తూ వస్తుంది. అమ్మాయిలకి నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు బలహీనపడి సన్నటి పగుళ్లు రావొచ్చు. అబ్బాయిలకీ హార్మోన్లు పడిపోతాయి. నెలసరి రావట్లేదంటే 'ట్రైనింగ్ బాగా నడుస్తోంది' అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. అది డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన విషయం. హాస్టల్లో ఈ సంగతి ఎవరూ గట్టిగా మాట్లాడరు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

బరువు తగ్గాలంటే ముందు కూల్ డ్రింకులు, పఫ్‌లు, రాత్రి పదకొండింటి నూడుల్స్ ఆపండి. అవీ కార్బ్సే, వాటిని ఆపితే ఎవరూ నష్టపోరు. ఎక్కువ దూరం పరుగెత్తే రోజుకి ముందు రాత్రి అన్నం తినండి. అంతకంటే పెద్ద ప్లాన్ 5కే, 10కే వాళ్లకి అక్కర్లేదు.

మరి లో-కార్బ్ ఎవరికి? టిమ్ నోక్స్ అని దక్షిణాఫ్రికా ప్రొఫెసర్ ఉన్నాడు. రన్నింగ్ మీద పెద్ద పుస్తకం రాసి, కార్బ్స్ తినమని దశాబ్దాల పాటు చెప్పాడు, డజన్లకొద్దీ మారథాన్లు పరుగెత్తాడు. అయినా టైప్ 2 షుగర్ వచ్చింది. తర్వాత పూర్తిగా ప్లేటు తిప్పేసి, తన పుస్తకంలోని ఆ పేజీలు చించేయమన్నాడు. వేగం విషయంలో ఆయన కొత్త మాట నేను ఒప్పుకోను. కానీ షుగర్ ఉన్న మనిషి పిండిపదార్థం తగ్గించుకోవడంలో అర్థం ఉంది. వీరమాచనేని రామకృష్ణ పేరు చెప్పగానే కొబ్బరి నూనె, నిమ్మకాయలు గుర్తొచ్చే ఇళ్లు మనలో చాలామందివి. మా ఇల్లూ అదే. నాన్న రాత్రి అన్నం మానేసి, పొద్దున గంట నడుస్తాడు.

నాకు భయం వేసేది అక్కడే. షుగర్‌కి గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లు తిండి తగ్గించి, నడక పెంచి, డోసు మాత్రం పాతదే వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. వణుకు, చెమటలు, తికమక, రోడ్డు మీదే పడిపోవడం. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి, చివర 'ఫ్లోజిన్' అని వచ్చే మాత్రలైతే ఇంకో చిక్కు. కార్బ్స్ బాగా తగ్గిస్తే రక్తంలో ఆమ్లాలు పెరిగి వాంతులు, ఆయాసం రావొచ్చు, అప్పటికీ గ్లూకోమీటర్‌లో అంకె పెద్దగా ఉండకపోవచ్చు. అలా జరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మాత్రలు సొంతంగా ఆపేయడం కూడా తప్పే. డైట్ మొదలుపెట్టక ముందే డాక్టర్‌కి చెప్పి డోసు సరిచేయించుకోవాలి. నడకకి వెళ్లేటప్పుడు జేబులో గ్లూకోజ్ పొట్లం ఉండాలి.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా డైట్, నడక కలిపి చేస్తుంటే, ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు వేసుకునే మాత్రల పేర్లు స్ట్రిప్ చూసి చదివి చెప్పమనండి.