వంటింటి కబుర్లు: తెల్లసొన తిప్పలు

కిందటిసారి చోళ్ళ అంబలి గురించి చెప్పుకున్నాం. ఈసారి కోడిగుడ్డు తెల్లసొన. ఇది నేను సరదాకి ఎంచుకున్న విషయం కాదు.

మా మావగారికి డయాలసిస్ జరుగుతోంది. మొదలుపెట్టక ముందు పప్పూ మాంసమూ తగ్గించమన్న డాక్టరుగారే, మొదలయ్యాక మాంసకృత్తులు బాగా పెట్టమన్నారు. డయాలసిస్‌లో అవి కొంత పోతాయిట. రోజుకు 3 తెల్లసొనలు పెట్టాలి, పచ్చసొన వద్దన్నారు. కారణం అడిగి తెలుసుకున్నాను. ఒక తెల్లసొనలో సుమారు 3.5 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, భాస్వరం 5 మిల్లీగ్రాములే. పచ్చసొనలో భాస్వరం 60కి పైనే. పాడైన మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు. రక్తంలో పేరుకుంటే ఎముకలు గుల్లబారతాయి. మా బొయిపరిగుడ సంతలో దొరికే నాటుగుడ్లు చిన్నవి గనుక, 3కి బదులు 4 తీసుకుంటాను.

ఉడకబెట్టిన తెల్లసొన నెలరోజులు తిన్నారు. ఒకనాడు పళ్ళెం పక్కకి జరిపి, "రబ్బరు నమిలినట్టుందమ్మా, ఇంక వద్దు" అన్నారు. ఆయన చొక్కా భుజాల మీద వేలాడుతోంది. నాకు దుఃఖం ఆగలేదు.

తప్పు నాదే. తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే గడ్డకట్టడం మొదలవుతుంది. తెర్లే నీళ్ళలో చాలాసేపు ఉంచితే బిగుసుకుపోతుంది. ఇప్పుడు నీళ్ళు మరగగానే పొయ్యి ఆపి, మూతపెట్టి, 15 నిమిషాలు వదిలేస్తున్నాను. మెత్తగా ఉంటోంది.

రెండో పద్ధతి: తెల్లసొనలో 2 చెంచాల నీళ్ళు, మిరియాలపొడి, కరివేపాకు, చిటికెడు ఉప్పు కలిపి, నురగ రాకుండా గిలకొట్టాలి. నూనె రాసిన ఇడ్లీ రేకుల్లో పోసి, సన్నసెగమీద 8 నిమిషాలు ఆవిరి పెట్టాలి. ముక్కలు కోసి ఉల్లిపాయ పోపులో వేస్తే పనీరు కూరలా ఉంటుంది. పచ్చసొనలు పిల్లల పొరటులోకి పోతాయి.

ఇక మూడోది పిల్లల కోసం. తూత్తుకుడి మాకరూన్‌లు విన్నారా? తెల్లసొన, పంచదార, జీడిపప్పు, అంతే! జీడిపప్పుకి మా కొరాపుట్ వైపు కొదవ లేదు కదా అని మొదలెట్టాను. మొదటిరోజు ప్లాస్టిక్ గిన్నెలో అరగంట గిలకొట్టినా నురగ లేవలేదు. జిడ్డు ఉంటే నురగ నిలవదు, ప్లాస్టిక్‌కి జిడ్డు ఓ పట్టాన వదలదు. రెండోరోజు పచ్చసొన చుక్క పడింది. అందులో ఉండేదీ కొవ్వే. మూడోసారి స్టీలుగిన్నెని నిమ్మచెక్కతో తుడిచి, ఒక్కో గుడ్డూ ముందు చిన్నగిన్నెలో విడదీసి పోశాను. దూదిపింజలా లేచింది!

2 తెల్లసొనలకి 100 గ్రాముల పంచదారపొడి. నురగ తెల్లబడ్డాక చెంచా చెంచా చొప్పున వేస్తూ, గిన్నె బోర్లించినా జారనంతవరకూ గిలకొట్టాలి. 100 గ్రాముల జీడిపప్పు పొడి మెల్లగా కలిపి, రేకు మీద చిన్నచిన్న ముద్దలు పెట్టి, ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర గంటంబావు ఉంచాలి. ముసురు రోజుల్లో మాత్రం చెయ్యకండి. పంచదార తేమ పీల్చుకుని జిగురవుతుంది.

పళ్ళెం చూడగానే మావగారు చెయ్యి చాచారు. జీడిపప్పులో భాస్వరం ఎక్కువ. "మీకు వద్దండీ" అనవలసి వచ్చింది. ఆయన మారుమాట్లాడకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు జీడిపప్పు లేకుండా వట్టి తెల్లసొన, పంచదారతో చేశాను. ఆయనకి చక్కెర జబ్బు లేదు. ఒకటి నోట్లో వేసుకుని, "గుప్తేశ్వరం శివరాత్రి తీర్థంలో మా అమ్మ కొనిచ్చిన పంచదార చిలకలా ఉందే!" అన్నారు. ఇంకోటి అడిగారు. తనంతట తాను అడిగి తినడం ఎన్నాళ్ళయిందో!

ఒక్క హెచ్చరిక. తెల్లసొన పచ్చిగా పెట్టకండి, సాల్మొనెల్లా ప్రమాదముంది. ఎన్ని పెట్టాలో మీ డాక్టరుగారినే అడగండి, ఒకరి లెక్క మరొకరికి సరిపడదు.

మీకు తెలిసిన తెల్లసొన వంటలుంటే రాసి పంపండి. మా మావగారు ఎదురుచూస్తున్నారు.